బరువెత్తేటప్పుడు ఊపిరి: వదలాలా, బిగబట్టాలా?

జిమ్‌లో కొత్తగా చేరినవారికి మొదటి వారంలోనే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "బరువు లేపేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు పీల్చండి" అంటాడు ట్రైనర్. పక్కనే బార్‌బెల్‌తో స్క్వాట్లు చేస్తున్న సీనియర్ మాత్రం గుండెల నిండా గాలి పీల్చి, నోరు బిగించి, ముఖం ఎర్రబడేదాకా ఊపిరి ఆపి లేస్తుంటాడు. "ఊపిరి బిగబట్టకపోతే నడుం పట్టేస్తుంది" అని సలహా కూడా ఇస్తాడు. ఈ ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

నిజానికి ఇద్దరి మాటలోనూ శాస్త్రం ఉంది. ఏది ఎవరికి వర్తిస్తుందన్నది రెండు విషయాలను బట్టి ఉంటుంది: ఎత్తే బరువు ఎంత, ఎత్తే మనిషి గుండె, రక్తనాళాల పరిస్థితి ఏమిటి. ఇది అర్థం కావాలంటే ఊపిరి అనగానే ఆక్సిజన్ గురించి ఆలోచించే అలవాటును కాసేపు పక్కన పెట్టి, పీడనం గురించి ఆలోచించాలి.

ఆ నాలుగు సెకన్లలో ఆక్సిజన్ పాత్ర తక్కువే

డంబెల్‌ను ఒకసారి ఎత్తి దించడానికి మూడు, నాలుగు సెకన్లు పడుతుంది. అంత తక్కువ సమయంలో కండరానికి కావలసిన శక్తి అప్పటికప్పుడు పీల్చిన గాలి నుంచి రాదు. కండర కణాల్లో ముందే నిల్వ ఉన్న ఏటీపీ, క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే రసాయనాలు ఆ పని చేస్తాయి. తీవ్రమైన శ్రమలో ఈ నిల్వలు సుమారు పది సెకన్లలో అడుగంటుతాయి. ఆ తర్వాత ఆక్సిజన్‌తో పనిలేకుండా గ్లూకోజును విడగొట్టే చర్యల వాటా పెరుగుతుంది. సెట్ అయిపోయాక ఆయాసం వస్తుందే, అప్పుడు శరీరం ఆక్సిజన్ ఎక్కువగా తీసుకుని ఖర్చయిన నిల్వలను మళ్లీ నింపుకుంటుంది.

కాబట్టి "ఊపిరి వదులుతూ ఎత్తితే కండరానికి ఆక్సిజన్ బాగా అందుతుంది" అన్న ప్రచారం అసలు కారణాన్ని చెప్పదు. ఆ కొన్ని సెకన్లలో ఊపిరి తీరు మారితే ప్రధానంగా మారేది ఛాతీలో, పొట్టలో ఉండే పీడనం.

రెండు గదులు, మధ్యలో కదిలే గోడ

మన మొండెం లోపల పైన ఛాతీ గది, కింద పొట్ట గది ఉంటాయి. వాటి మధ్య గొడుగు ఆకారంలో ఉండే పలుచని కండరమే డయాఫ్రం. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఉదరవితానం అని చదువుకున్నాం. మామూలుగా ఊపిరి తీసినప్పుడు ఇది ఒకటి, రెండు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ఛాతీ గది పెద్దదవుతుంది, లోపలి పీడనం బయటి వాతావరణ పీడనం కన్నా కొద్దిగా తగ్గుతుంది, సుమారు అర లీటరు గాలి లోపలికి వస్తుంది. ఘనపరిమాణం పెరిగితే వాయుపీడనం తగ్గుతుందని చెప్పే బాయిల్ నియమమే మనం తీసే ప్రతి శ్వాసలోనూ పనిచేస్తోంది.

పొట్ట గది సంగతి వేరు. అక్కడున్న కాలేయం, పేగుల వంటి అవయవాలలో ఎక్కువ భాగం నీరే. నీరు దాదాపుగా కుదించుకుపోదు. ఒకచోట నొక్కితే ఆ పీడనం అన్ని దిక్కులకూ పాకుతుంది. ఇది పాస్కల్ సూత్రం. డయాఫ్రం కిందికి దిగినప్పుడు పొట్ట ముందుకూ పక్కలకూ ఉబ్బడానికి కారణం ఇదే.

ఇప్పుడు బాగా గాలి పీల్చి, గొంతులోని స్వరతంతువులను దగ్గరికి చేర్చి శ్వాసమార్గాన్ని మూసేశామనుకోండి. అలా మూసి ఉంచి ఛాతీ, పొట్ట కండరాలను బిగిస్తే గాలికి బయటికి పోయే దారి ఉండదు. రెండు గదుల్లోనూ పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. దీన్ని వాల్సాల్వా ప్రక్రియ అంటారు. ఇటలీకి చెందిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఆంటోనియో మరియా వాల్సాల్వా 1704లో చెవి గురించి రాసిన గ్రంథంలో దీన్ని వర్ణించడంతో ఆ పేరు వచ్చింది. ఆయన దృష్టి బరువులెత్తడం మీద కాదు, చెవి మీద ఉండేది. విమానం దిగేటప్పుడు చెవులు మూసుకుపోతే ముక్కు, నోరు మూసి గాలి ఊదడం, మలబద్ధకంలో ముక్కడం, కదలని బీరువాను ఒక్క ఉదుటున నెట్టడం, ఇవన్నీ వాల్సాల్వా రూపాలే.

మన దగ్గర బలప్రదర్శనలకూ ఊపిరి బిగబట్టడానికీ పాత సంబంధమే ఉంది. విజయనగరం ప్రాంతం నుంచి దేశమంతా పేరు తెచ్చుకున్న మల్లయోధుడు కోడి రామమూర్తి ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి బిగించి తెంచేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే అటువంటి ప్రదర్శనల వెనక ఏళ్ల తరబడి సాధన ఉంటుంది. నిన్న జిమ్‌లో చేరిన శరీరానికి ఆ సాధన లేదు.

బిగబడితే నడుముకు ఏమిటి లాభం?

ఖాళీ ప్లాస్టిక్ నీళ్ల సీసా ఒకటి తీసుకోండి. మూత తీసి పైనుంచి నొక్కితే సులువుగా నలిగిపోతుంది. మూత గట్టిగా బిగించి నొక్కండి, ఈసారి ఎదురు తిరుగుతుంది. సీసా గోడలు అవే. లోపల చిక్కుకున్న గాలి వాటికి ఊతమిచ్చింది.

బరువెత్తేటప్పుడు మొండెం కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది. పైన డయాఫ్రం, కింద కటి అడుగు కండరాలు, చుట్టూ పొట్ట, నడుము కండరాలు, వెనక వెన్నెముక. ఇవన్నీ కలిసి ఒక పీపాలా ఉంటాయి. లోపల పీడనం పెరిగితే పీపా గట్టిపడుతుంది, వెన్నెముక పక్కకు ఒరగకుండా నిలుస్తుంది.

ఆ పీడనం ఎంత ఉంటుంది? పెద్ద బరువులెత్తేవారిలో పొట్ట లోపలి పీడనం పాదరస మట్టంలో 100 మిల్లీమీటర్లు దాటడం మామూలే. 100 మిల్లీమీటర్ల పీడనం అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు 136 గ్రాముల బరువు పెట్టినట్టు. 100 చదరపు సెంటీమీటర్ల వైశాల్యానికి అది 13.6 కిలోలు అవుతుంది. ఇందువల్ల వెన్నుపూసల మధ్య డిస్కుల మీద భారం ఎంత తగ్గుతుందన్న దానిపై పరిశోధకుల్లో చర్చ ఉంది. ఎందుకంటే ఈ పీడనాన్ని పుట్టించే కండరాలు కూడా బిగుసుకుని వెన్నెముకను నొక్కుతాయి. కానీ మొండెం గట్టిపడి, నిలకడ పెరుగుతుందన్న దానిపై పెద్దగా భేదాభిప్రాయం లేదు.

పైగా ఇది పూర్తిగా మన చేతుల్లో ఉండే విషయం కూడా కాదు. ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 80 శాతం దాటితే కొద్దిసేపైనా ఊపిరి దానంతట అదే బిగుసుకుంటుంది. తక్కువ బరువైనా ఇక ఎత్తలేం అనేదాకా చేస్తే చివరి ప్రయత్నాల్లో ఇదే జరుగుతుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచారు. అంతటి బరువును ఊపిరి వదులుతూ, మొండెం వదులుగా ఉంచి ఎత్తడం సాధ్యం కాదు.

అదే పీడనం రక్తనాళాల మీద పడితే

నడుముకు ఊతమిచ్చిన పీడనం అక్కడితో ఆగదు. ఛాతీ గదిలోనే గుండె ఉంది, గుండెకు చేరే పెద్ద సిరలున్నాయి, గుండె నుంచి బయలుదేరే మహాధమని ఉంది. వాటన్నిటి మీదా ఆ ఒత్తిడి పడుతుంది.

మామూలు రక్తపోటు 120/80 మిల్లీమీటర్లని మనకు తెలుసు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1985లో ఐదుగురు బాడీబిల్డర్ల చేతి ధమనిలోకి నేరుగా సన్నని గొట్టం పంపి, వాళ్లు బరువులెత్తుతుండగా రక్తపోటు కొలిచారు. రెండు కాళ్లతో భారీ బరువును నెట్టే లెగ్ ప్రెస్‌లో సగటు 320/250కి చేరింది. ఒకరిలో 480/350 దాటింది.

ఈ అంకెను ఊహించుకోవడానికి ఒక లెక్క చూద్దాం. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువు. 120 మిల్లీమీటర్ల పీడనం నీటిని సుమారు 1.6 మీటర్ల ఎత్తుకు, అంటే ఒక మనిషి ఎత్తుకు, నిలబెట్టగలదు. 480 మిల్లీమీటర్ల పీడనం 6.5 మీటర్లు నిలబెట్టగలదు. అది దాదాపు రెండంతస్తుల ఇంటి ఎత్తు.

ఈ పెరుగుదలంతా ఊపిరి వల్లే కాదు. గట్టిగా బిగుసుకున్న తొడ కండరాలు తమలోని రక్తనాళాలను నొక్కేస్తాయి, దాంతో కూడా పోటు పెరుగుతుంది. మరి ఊపిరి వాటా ఎంత? 1995లో వెలువడిన మరో అధ్యయనం ఆ ప్రశ్ననే వేసింది. పదిమంది ఆరోగ్యవంతులైన క్రీడాకారులు తమ గరిష్ఠ బరువుతో లెగ్ ప్రెస్ చేశారు. ఊపిరి బిగబట్టి చేసినప్పుడు సగటు రక్తపోటు 311/284. అదే బరువును నెమ్మదిగా ఊపిరి వదులుతూ నెట్టినప్పుడు 198/175. బరువు మారలేదు, మనుషులు మారలేదు. ఊపిరి తీరు మారితేనే పై అంకెలో 100 మిల్లీమీటర్లకు మించిన తేడా వచ్చింది.

పోటు పెరగడంతోనే కథ ముగియదు. ఊపిరి బిగబట్టిన కొద్ది సెకన్లకే ఛాతీలోని పీడనం సిరలను అదిమిపెట్టడంతో గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. గుండె పంపే రక్తమూ తగ్గుతుంది. దాన్ని సరిదిద్దడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఊపిరి వదిలిన క్షణంలో పోటు ఇంకాస్త పడిపోతుంది. ఆ తర్వాత ఆగి ఉన్న రక్తం ఒక్కసారిగా గుండెలోకి వచ్చి, పోటు మామూలు స్థాయిని దాటి పైకి లేస్తుంది. సెట్ ముగించి బార్‌ను స్టాండ్ మీద పెట్టగానే కొందరికి కళ్లు బైర్లు కమ్మడానికి, తల తిరగడానికి ఈ ఎగుడుదిగుడులే కారణం. ఆ క్షణంలో చేతిలో ఇంకా బరువుంటే ప్రమాదం రెట్టింపు.

ఇంత పోటు వచ్చినా వెయిట్‌లిఫ్టర్ల మెదడులో రక్తనాళాలు ఎందుకు చిట్లిపోవు? ఇక్కడా పీడన భేదమే కీలకం. నాళం గోడ మీద పడే భారం లోపలి పీడనంలోంచి బయటి పీడనాన్ని తీసివేస్తే వచ్చేది. ఊపిరి బిగబట్టినప్పుడు ఛాతీ ఒత్తిడి మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవానికి కూడా చేరుతుంది. నాళం లోపల పోటు పెరిగినట్టే బయట కూడా కొంత పెరగడం వల్ల గోడ మీద పడే అసలు భారం అంకెల్లో కనిపించినంత ఉండదు. ఆరోగ్యవంతులకు ఇది సహజ రక్షణ. అయితే నాళం గోడ ముందే బలహీనపడి ఉబ్బి ఉన్నవారు ఈ రక్షణ మీద ఆధారపడలేరు.

ఎవరు బిగబట్టకూడదు?

ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రచురితమైంది. దేశవ్యాప్తంగా లక్షా 13 వేల మందికి పైగా పాల్గొన్న ఆ అధ్యయనం ప్రకారం 20 ఏళ్లు, ఆపై వయసువారిలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి పైనే. చాలాకాలం ఏ లక్షణమూ చూపించకపోవడం ఈ జబ్బు స్వభావం. బరువు తగ్గాలనో, షుగర్ అదుపులో పెట్టాలనో నలభై ఏళ్లు దాటాక జిమ్‌లో చేరేవారిలో, తమకు బీపీ ఉందని తెలియనివారు కూడా ఉంటారు.

అలాగని వ్యాయామం మానేయమని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాల బలాన్ని పెంచే వ్యాయామాలు చేయాలి. అధిక రక్తపోటు ఉన్నవారికీ ఇవి మేలు చేస్తాయి. అయితే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లో విడుదల చేసిన ప్రకటన ఒక షరతు పెట్టింది: ఊపిరి బిగబట్టి ముక్కకూడదు, శ్రమ పడేటప్పుడు వదలాలి, సడలించేటప్పుడు పీల్చాలి. రక్తపోటు 180/110 దాటి అదుపులో లేనివారు అది తగ్గేదాకా బరువుల జోలికి వెళ్లకూడదని కూడా చెప్పింది.

అధిక రక్తపోటు, గుండె జబ్బు, గతంలో పక్షవాతం, మెదడులోనో మహాధమనిలోనో రక్తనాళం ఉబ్బు, హెర్నియా, గ్లకోమా, రెటీనా సమస్యలు ఉన్నవారు, ఇటీవల కంటికో పొట్టకో శస్త్రచికిత్స జరిగినవారు, గర్భిణులు ఊపిరి బిగబట్టే పద్ధతికి దూరంగా ఉండాలి. వీళ్లు ఏ బరువులు ఎత్తవచ్చో వైద్యుడిని అడిగి తెలుసుకోవాలి. కంటి సమస్యలు ఈ జాబితాలో ఎందుకున్నాయంటే, ఊపిరి బిగబట్టినప్పుడు కంటి లోపలి పీడనం కూడా పెరుగుతుంది. ఒక్కోసారి రెటీనా మీది సన్నని నాళాలు చిట్లి చూపు మసకబారుతుంది.

తేలిక, మధ్యస్థ బరువులకు పద్ధతి

ఒక సెట్‌లో పది, పదిహేనుసార్లు సౌకర్యంగా ఎత్తగలిగే బరువుకు ట్రైనర్ చెప్పే మాటే సరైనది. కష్టమైన దశలో వదలండి, తేలికైన దశలో పీల్చండి. వదలడం అంటే ఉఫ్‌మని ఒక్కసారిగా గాలంతా ఖాళీ చేయడం కాదు. వేడి టీని ఊదుకున్నట్టు, పెదాలను సున్నాలా చుట్టి, ఎత్తడం పూర్తయ్యేదాకా నెమ్మదిగా వదలాలి. అప్పుడు పొట్ట కండరాలు బిగువుగానే ఉంటాయి, నడుముకు కొంత ఊతం మిగులుతుంది.

ఏది కష్టమైన దశ అన్నదే చాలామందికి వచ్చే సందేహం. స్క్వాట్‌లో, మన బస్కీల్లో, పైకి లేవడం. పుషప్‌లో నేలను నెట్టి లేవడం. బెంచ్ ప్రెస్‌లో బార్‌ను ఛాతీ నుంచి పైకి నెట్టడం. ఇవి తేలికే. లాట్ పుల్‌డౌన్ యంత్రం దగ్గర మాత్రం తికమక పడతారు. అక్కడ బార్ కిందికి వస్తుంది కదా, పీల్చాలేమో అనుకుంటారు. వెనక ఉన్న ఇనుప పలకల వైపు చూడండి. మీరు బార్‌ను కిందికి లాగినప్పుడు అవి పైకి లేస్తాయి. బరువు భూమ్యాకర్షణకు ఎదురు వెళ్లే దశే కష్టమైన దశ. ఏ యంత్రం దగ్గరైనా ఈ గుర్తు పనికొస్తుంది.

ప్లాంక్ వంటి కదలిక లేని వ్యాయామాల్లో ఎత్తడం, దించడం అనేవి ఉండవు. వాటిలో తెలియకుండానే ఊపిరి ఆపేస్తాం. పొట్ట బిగువు సడలనివ్వకుండా చిన్నగా, ఆగకుండా పీల్చి వదులుతూ ఉండాలి.

ఊపిరి ఆగుతోందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఎత్తేటప్పుడు "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కపెట్టండి. మాట బయటికి రావాలంటే గొంతులోంచి గాలి కదలాలి, కాబట్టి శ్వాసమార్గం పూర్తిగా మూసుకుని ఉండదు. లెక్క గొంతులోనే ఆగిపోతే ఆ రోజుకు ఆ బరువు ఎక్కువైందని అర్థం. పడవలు లాగేవాళ్లు, దూలాలు మోసేవాళ్లు "హైలెస్సా" అంటూ అందరూ ఒకేసారి బలం పెట్టడానికి గొంతు కలుపుతారు. ఆ కేకతో పాటు బలం పెట్టే క్షణంలో గాలి కూడా బయటికి పోతుంది.

పెద్ద బరువులకు పద్ధతి

రక్తపోటు మామూలుగా ఉండి, కొన్ని నెలల సాధన ఉన్నవారు పెద్ద బరువులతో స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ చేసేటప్పుడు కొద్దిసేపు ఊపిరి బిగబట్టడంలో తప్పులేదు. దానికీ ఒక వరుస ఉంది.

మొదట గాలిని భుజాలు ఎగరేసి ఛాతీ పైభాగంలోకి కాకుండా, పొట్ట చుట్టూ ఉబ్బేలా పీల్చాలి. నడుముకు రెండు పక్కలా చేతులు పెట్టుకుంటే అవి పక్కలకు జరగడం తెలియాలి. తర్వాత ఎవరో పొట్టలో గుద్దబోతున్నట్టు కండరాలను బిగించాలి. కిందికి దిగి, పైకి లేచేటప్పుడు అత్యంత కష్టమైన చోటు దాటేదాకా మాత్రమే బిగించి, దాటగానే పెదాల మధ్య నుంచి నెమ్మదిగా వదలాలి. పైకి లేచి నిలబడ్డాక మళ్లీ కొత్తగా పీల్చి, తర్వాతిది మొదలుపెట్టాలి. ఒకే ఊపిరితో మూడు నాలుగుసార్లు ఎత్తడం ఎవరికీ మంచిది కాదు. నడుముకు కట్టుకునే బెల్టు కూడా పొట్ట కండరాలు ఆనుకుని బిగుసుకోవడానికి ఒక గోడలా ఉపయోగపడుతుంది. సరిగ్గా బిగించడం రానివారికి బెల్టు ఆ పని నేర్పదు.

ఎత్తే ముందు బలం కోసమని గబగబా పది ఊపిరులు తీయడం మరో పొరపాటు. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడుకు వెళ్లే నాళాలు సన్నబడతాయి. దాని వెంటనే ఊపిరి బిగబడితే స్పృహ తప్పే అవకాశం పెరుగుతుంది. బరువెత్తుతుండగా అకస్మాత్తుగా తీవ్రమైన తలనొప్పి, ఛాతీలో నొప్పి, చూపు మసకబారడం, మాట తడబడడం వంటివి కనిపిస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. ఇంకో సెట్ పూర్తి చేశాక చూద్దామని ఆగకూడదు.

ఇదంతా జిమ్ గోడల మధ్యకే పరిమితం కాదు. 20 లీటర్ల నీళ్ల క్యాన్‌ను డిస్పెన్సర్ మీదికి ఎక్కించేటప్పుడు, బియ్యం బస్తా జరిపేటప్పుడు, నిండు గ్యాస్ సిలిండర్ ఎత్తేటప్పుడు శరీరానికి అదీ బరువే. బీపీ మందులు వాడుతున్న అమ్మానాన్నలు ఇంట్లో ఇలాంటి పనులు చేసేటప్పుడు వాళ్లకు గుర్తుచేయాల్సింది కూడా ఇదే: ముక్కకండి, ఊపిరి వదులుతూ ఎత్తండి, ఒక్కరి వల్ల కాకపోతే ఇంకొకరిని పిలవండి.

జిమ్‌లో చేరే రోజున ఎత్తు, బరువు, నడుము కొలతలు రాసుకుంటారు. ఆ పక్కనే రక్తపోటు కూడా రాసుకోవాలి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా, మందుల దుకాణంలోనైనా, ఇంట్లో యంత్రంతోనైనా ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయం అది. మొదట్లో వేసిన ప్రశ్నకు మీ వరకు జవాబు చెప్పేది కూడా ఆ అంకే.